శుక్కురారం బాకీ

పొద్దుగాల ఆరింటికే
ముహర్రక్ గల్లీల రొట్టెల భట్టీ ముంగట నిలవడ్డం,
నేనూ, పోశాలూ.
రొట్టె మీద నల్లటి మహ్యావా పూసి
గుడ్డు కొట్టి
మల్ల భట్టీల పెట్టిండు వాడు.
తొలి బుక్కకే పోశాలు ముక్కు మూసుకున్నడు.
రెండో బుక్కకు
"ఎండుశాపల సట్టి అడుగు నాకినట్టున్నదిరా" అన్నడు.
వాని నోట గంతకంటె పెద్ద మెచ్చుకోలు
నేనెన్నడూ ఇనలే.

కడక్ చాయ్, వంద ఫిల్సులు.
జేబుల చెయ్యి పెట్టినప్పుడల్లా
మనసుల రూపాయలు చేసుకుంటం,
ఇరవై రూపాల చాయ్ అనుకుంట
నాలిక కాల్చుకుంటం.

ఏడేండ్లాయె ఈ దీవిల.
పరంజీ మీదికెల్లి తప్ప
దీన్ని సూసింది లేదు.

ఆలీ కాడ దించింది బస్సు.
ఇండ్ల నడుమ మట్టి గుట్టలు.
ఏ కాంట్రాక్టరో ఇడిసిపెట్టి పోయిన
మొరం కుప్పలనుకున్నం.
గోరీలట.
నాలుగువేల ఏండ్ల కిందటియట.
గుట్ట పక్కపొంటే కుమ్మరి సారె తిరుగుతున్నది,
ఆము పొగ లేస్తున్నది,
ఒకామె మిద్దె మీద
పూల దుప్పటి దులిపి ఆరేస్తున్నది.
మోకాళ్లు కడుపుల వెట్టి పండవెట్టేదట పీనుగును,
పక్కకు ఒక కుండ,
తొవ్వల ఆకలైతదని.
పోశాలు సప్పుడు చెయ్యలే.
క్యాంపుల నా పై మంచం వానిదే.
ఏసీ సలికి వాడు గట్లనే పంటడు ముడుసుకొని,
తలాపున టిఫిన్ డబ్బా.

పోంగ పోంగ కుమ్మరి దగ్గర ఒక పిడత కొన్నడు.
ఎందుకురా అన్న.
ఉండనీ అన్నడు.

మద్దినం సంబూసలు, పేపరు నిండ నూనె.
నీడ కోసం గోడ ఎంట గోడ ఎంట నడిసి
ముత్యాలేరెటోల్ల ఇంట్ల చొచ్చినం.
తలుపు చిన్నది, వంగాలె.
అద్దాల పెట్టెల
ముక్కుకు పెట్టుకునే చిమ్టా,
కాలికి కట్టుకొని మునిగే రాయి,
వేళ్లకు తోలు తొడుగులు.
ముత్యం ఒక్కటి గూడ లేదు.
ఎదురుంగ పద్దు పుస్తకం.

అరబ్బీ రాదు మాకు.
కుడికెల్లి రాసినా ఎడమకెల్లి రాసినా
పద్దు కిందికే పెరుగుతది,
గది తెలుస్తది.
కావలి ముసలాయన ఖమీసుకు
సినిమాల హిందీ వచ్చు.
అద్దం మీద వేలు పెట్టిండు:
ఇది మా తాత.
ఇవి పడవెక్కక ముందు తీసుకున్న బియ్యం, ఖర్జూరాలు.
ఇగో, ఈ గీత కాడ నీళ్లల్ల పోయిండు.
గీత కింద
అప్పు గదే. పేరు వేరే.
"కొడుకు" అన్నడు.
కొంచెం ఆగి,
"పదకొండేండ్లు."

పోశాలు పిడతను ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చుకున్నడు.

బయటికొచ్చి సముద్రమేది అనడిగినం.
అదేనట మేం నిలవడ్డ జాగ.
పూడ్చిన్రట.
గీ తీరు పూడ్చిన నేల మీద
మేమూ రెండేండ్లు రాళ్లు మోసినం, అటు ఉత్తరం దిక్కు.
సముద్రం మీద నడుస్తున్నమని
అప్పుడెవలూ చెప్పలే.

పొద్దుగూకినంక హల్వా దుకాణం.
గంగాళమంత పొయ్యి మీద, ఎర్రగ, కుంకుమపువ్వు వాసన.
రుచి సూసుడు ఉత్తగనే.
మూడు సార్లు సూసి
అన్నిట్లకంటె చిన్న డబ్బా కొన్నం.
వేళ్లకంటుకుంటే ఇడువది,
మా ఏజెంటు మిత్తి తీరు,
కడిగినా జిగటే.

రాత్రి వీడియో కాల్ల మా పిలగాడు:
"ఏం తిన్నవ్ బాపూ ఇయ్యాల?"
అన్నీ చెప్పిన.
రొట్టె, సంబూస, హల్వా. డబ్బా సూపిచ్చిన.
ఏం సూసినవని అడుగలే, నేనూ చెప్పలే.
ఎనుక పోశాలు పిడతను ఎత్తి పట్టిండు.
"గదేంది కాకా, ఉత్త కుండనా?" అని నవ్విండు పోరడు.
మల్ల,
"బాపూ, మొన్ననే పద్దెన్మిది నిండినయ్ గద,
పాస్‌పోర్టు ఫారం తెచ్చిన.
తండ్రి పేరు కింద నాదెక్కడ రాయాలె?"

సిగ్నల్ మంచిగనే ఉన్నది.
ఇనవడనట్టు
హల్వా డబ్బా మూత నాకుకుంట కూసున్న.